ఒక్క తీగ, రెండిండ్లు

కొత్తవాడ, వరంగల్
ఫిబ్రవరి, 1985

తమ్ముడు భాస్కర్‌కు,

ఇంట్ల ఫోను పెట్టుకొని అక్క ఉత్తరం రాసుడేందని పరేశాన్ కాకు. ఫోనున్నది కాబట్టే రాస్తాన.

మొన్న ఐతారం నువ్వు కరీంనగర్ ఎక్స్ఛేంజిలకెళ్లి ఫోన్ జేసినప్పుడు నేను సక్కగ మాట్లాడలేదని నీకు కోపమొచ్చే ఉంటది. అమ్మ ఎట్లున్నదని అడగలే, నా సంగతి చెప్పలే. "ఆఁ, ఆఁ, మంచిదే" అని పెట్టేసిన. ఎందుకంటె మనం మాట్లాడుతాంటె నడుమల టక్కుమన్నది. నీ గొంతు బాయిలకెళ్లి వచ్చినట్టు సన్నగైంది. ఎవలో ఇంకో ఫోను ఎత్తి ఇంటాండ్రు.

నువ్వొచ్చి మస్తు దినాలాయె, అందుకే ఇవరంగ చెప్తాన. ఇంటి ముందటి భాగం మా పెద్దబావ గుండయ్యది, ఎనుక భాగం మాది. నడుమ వాకిలి. పెద్దబావ నేత సంఘంల డైరెక్టరు గనుక ఆయన పేరు మీద ఫోను వచ్చింది. మీ బావ పోయి, "అన్నా, నాకు సుత జంపకానల ఆర్డర్లకు పనికొస్తది, నెలకు సగం బిల్లు నేను కడ్త" అని బతిమాలితె, లైన్‌మన్ వచ్చి అదే తీగకు ఇంకో తీగ అతికి మా అర్రల ఒక ఫోను పెట్టిపోయిండు. నెంబరు ఒక్కటే. మోగితే రెండు మోగుతయి. ఒకలు మాట్లాడుతాంటె ఇంకొకలు ఎత్తితే అంతా ఇనపడ్తది. పెట్టినప్పుడు నాకు సంబురమే అయింది. ఇప్పుడు గా నల్లడబ్బను చూస్తె కడుపుల మండుతాంది.

మొన్న నాగపూర్ సేటు ఫోన్ జేసి జంపకానలు అడిగిండు. మీ బావ రేటు చెప్పిండు. "సరే, రేపు ఖాయం చేస్త" అన్నడు సేటు. తెల్లారి మల్ల చేసి, "మీ అన్న ఇంకా తక్కువకే ఇస్తనన్నడు గదా" అన్నడు. మన రేటు వాండ్లకు ఎట్ల తెలిసింది చెప్పు?

పెద్దబావ పగటిపూట ఇంట్ల ఉండడు. ఉండేది ఆయన పెండ్లాం, మా యారాలు సరోజన. ఇంకో ఇచ్చంత్రం చూడు. అన్నం తిని అందరు కునుకు తీసే యాళ్లకు ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతది. మోగంగనే సరోజనక్క అందుకుంటది. నేను ఉరికిపోయి ఎత్తితే రెండు దిక్కుల గప్‌చుప్. ఎవలో పెట్టేస్తరు. మాకొచ్చే ఆర్డర్లు మధ్యలనే పట్టుకపోతాండ్రని నా అనుమానం.

నీది ఫోన్ల పనే గదా. ఆ రెండు ఫోన్లను ఎట్లన్న వేరుచెయ్యి. మా మాట మాకు, వాండ్ల మాట వాండ్లకు ఉండాలె. వేరే కనెక్షన్ ఇప్పట్ల రాదట. ఉన్న తీగ మీదనే ఏదన్న ఉపాయం చెప్పు.

నీ అక్క
అనసూర్య


కరీంనగర్
మార్చి, 1985

అక్కకు భాస్కర్ నమస్కారాలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించిన. "ఇంట్ల దెయ్యాన్ని తెచ్చిపెట్టుకున్నరు" అన్నది. నాకైతే నవ్వొచ్చింది, కోపం చెయ్యకు. మా ఎక్స్ఛేంజికి వచ్చే ఫిర్యాదులల్ల సగం ఇసొంటివే. ఇండ్లు పంచుకుంటరు, వంటలు వేరు పెట్టుకుంటరు, ఫోను మాత్రం కలిపి పెట్టుకుంటరు.

సంగతి ఏందంటే, ఒక్క తీగ మీద రెండు ఫోన్లుంటే అవి ఒక్క గదిల ఇద్దరు కూసున్నట్టే. ఒకరు మాట్లాడితే ఇంకొకరు చెవులు మూసుకోవాలె గానీ, మాటకు గోడ కట్టలేం. కాకుంటే ఒక దారి ఉన్నది. రెండు దిక్కుల స్విచ్ అని ఉంటది. తీగను ఆ డబ్బలకు తెచ్చి, అక్కడి నుంచి రెండిండ్లకు పంచాలె. కీలు ఇటు తిప్పితే మీ ఫోను పనిచేస్తది, వాండ్లది చచ్చిపోతది. అటు తిప్పితే వాండ్లది. ఎవరూ ఎవరిది వినలేరు.

డబ్బను పరకాల మీదుగ వచ్చే వరంగల్ బస్సు కండక్టర్ చేతికి ఇచ్చి పంపుతాన. మీ లైన్‌మన్‌కు చాయ తాగించి పెట్టించుకో. నా పేరు మాత్రం చెప్పకు. మా ఇన్‌స్పెక్టర్ వీరభద్రం సారుకు తెలిస్తే నా తోలు తీస్తడు.

సరోజనక్క మీద మరీ అంత కోపం ఎందుకు? ఆమె నీ పెండ్లిల నాకు రెండుసార్లు బూరెలు వడ్డించింది. నాకు యాదికున్నది.

బావకు నమస్కారాలు చెప్పు.

తమ్ముడు
భాస్కర్


కొత్తవాడ, వరంగల్
ఏప్రిల్, 1985

భాస్కర్‌కు,

బూరెలు వడ్డించిందని ఆమె దిక్కు మాట్లాడుతానవా? నీ డబ్బ వచ్చింది. పెట్టించిన. దాంతోని ఇంట్ల ఇంకింత లొల్లి అయింది గానీ కొంచెమన్న ఫాయిదా లేదు.

ముందుగాల డబ్బ ఎవలింట్ల పెట్టాల్నని పంచాయితి. మా అర్రల పెడ్తమంటె పెద్దబావ ఒప్పుకోలే. "ఫోను నా పేరు మీదున్నది, కీలు మీ చేతుల పెట్టి నేను మీ వాకిట్ల నిలబడాల్నా?" అన్నడు. వాకిట్ల పెడ్తె వానకు తడుస్తదని లైన్‌మన్ అన్నడు. ఆఖరికి పెద్దబావ గోడకే కొట్టిండ్రు. ఇగ చూడు! కీలు పొద్దుమాపు ఆయన దిక్కే ఉంటది. "జర ఇటు తిప్పుండ్రి" అని ప్రతిసారి వాకిలి దాటి పోయి అడుగుడు. తిప్పినంక సుత, ఎవలన్న ఊడ్చుకుంట చీపురు తాకిస్తె మల్ల అటే పోతది. నాగపూర్ సేటు రెండు దినాలు చేసిండట. మా ఫోను సచ్చి పడున్నది, మోగనే లేదు. ముందటి ఫోను ఎవలెత్తిండ్రో, ఏం చెప్పిండ్రో దేవునికే ఎరుక. మీ బావ కోపంతోని డబ్బ పీకేసి తీగ ఎప్పటి తీరుగ కలిపిచ్చిండు.

తరువాత మీ బావ ఇంకో తెలివి చేసిండు. సేటు మనిషితోని చాటుమాటలు పెట్టుకున్నడు. ఎర్ర జంపకాన అంటె ఒక రేటు, పచ్చది అంటె ఇంకో రేటు. వానికి సమజ్ కాక నిజంగనే ఎర్రయి పంపుమన్నడు. అసలు సేటుకు కావాల్సినయి నీలివి. పంపినయి అన్ని ఎర్రవి. అన్ని వాపస్ వచ్చినయి.

నిన్న నల్ల కాడ నీళ్లు పట్టుకుంట అడిగేసిన.

"అక్కా, మేం మాట్లాడుతాంటె నువ్వు ఎందుకు ఇంటానవ్?"

సరోజనక్క బిందె కింద పెట్టింది. "నీ మాటలల్ల ఏమున్నయని ఇనాలె?"

"మరి ఫోను ఎందుకు ఎత్తుతానవ్?"

"నాది గాదా ఫోను? ఎత్తుకుంట. నువ్వు మాత్రం ఎత్తుతలేవా మధ్యాహ్నం?"

"మాకొచ్చిన ఫోనేమో అని ఎత్తుతాన."

"అన్ని నీకే వస్తయా? మాకు ఎవ్వలు లేరా?" అన్నది. ఆమె గొంతు వణికింది. కోపానికేనని అనుకున్న. నీళ్లు పట్టకుంటనే బిందె ఎత్తుకొని పోయింది. అప్పటికెళ్లి మాటల్లేవు.

నువ్వు నవ్వుకుంట రాసిన ఉపాయాలు మాకొద్దు. చాతనైతే పనిచేసేది చెప్పు, చాతకాకుంటె కాదని చెప్పు.

అనసూర్య


కరీంనగర్
మే, 1985

అక్కా,

తిట్టు, పడ్త. స్విచ్ తప్పు కాదు, దాన్ని పెట్టిన గోడ తప్పు. అయినా ఇప్పుడు ఆ మాట ఎందుకు.

ఈసారి తీగను ముట్టేది లేదు. వచ్చే ఐతారం పొద్దుగాల ఫోన్ చేస్త. మామూలుగ మాట్లాడు. టక్కుమన్నంక నేను ఒక మాట చెప్త. నువ్వు "అవునా?" అనాలె, అంతే. ఎక్కువ మాట్లాడకు. ఎందుకని అడగకు. ఆ తర్వాత నీ ఫోను జోలికి ఎవరన్న వస్తే నన్నడుగు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్.

భాస్కర్


కొత్తవాడ, వరంగల్
జూన్, 1985

తమ్ముడు భాస్కర్‌కు,

నీ నోరు చల్లగుండ! మంత్రమేసినట్టు పనిచేసింది.

ఆ దినం నువ్వు చెప్తాంటె నాకే భయమైంది. "అక్కా, ఎక్స్ఛేంజిలకు కొత్త మిషన్ వచ్చింది. ఒక్క తీగకు రెండు ఫోన్లుంటే ఎవరు ఎప్పుడు ఎత్తిండ్రో, ఏం మాట్లాడిండ్రో అన్నీ టేపుల ఎక్కుతయి. వరంగల్‌ల సుత పెడ్తాండ్రు. ఫోను ఎవరి పేరు మీదుంటే వాండ్లకు నెలనెలా కాగితం పంపుతరు" అన్నవు గదా, నేను "అవునా?" అనే లోపట్నే అవుతల ఫోను పెట్టేసిన చప్పుడు ఇనపడ్డది. కిందపడ్డదేమో అన్నట్టు పెట్టిండ్రు.

అప్పటిసంది టక్కు లేదు, చప్పుడు లేదు. మీ బావ సేటుతోని ఇష్టమొచ్చినట్టు మాట్లాడుతాండు. సరోజనక్క ఆ ఫోను దిక్కే చూస్తలేదు. నాలుగు దినాలకు తనే మా అర్రకు వచ్చింది. మాటల్లేకుండ ఉన్న మనిషి వచ్చేసరికి నాకు లోపల లోపల మస్తు గెలిచినట్టు అనిపించింది.

"అనసూర్యా, మీ తమ్ముడు ఫోన్ల ఆఫీసుల గదా. ఎవలు ఏం మాట్లాడేది అక్కడ నిజంగనే తెలుస్తదా?" అన్నది.

"అన్ని తెలుస్తయి. పేర్లతోని సహా" అన్న.

"ఎనుకటి మాటలు సుతనా?"

"ఆఁ, ఎనుకటియి సుత."

ఆమె మొకం తెల్లగైంది. వచ్చిన తొవ్వనే పోయింది. ఇంటాంది ఆమెనేనని ఇంతకన్న రుజువేం గావాలె?

కానీ భాస్కర్, ఒకటి మాత్రం నాకు మనసున పడ్తలేదు. ఆ మధ్యాహ్నం ఫోను ఇప్పుడు మోగుకుంటనే ఉంటది. సరోజనక్క గుమ్మంల కూసొని ఇంటనే ఉంటది గానీ లేవది. నేనెత్తి "హలో" అంటె అవుతల ఊపిరి ఇనపడ్తది. మాటుండది. జరసేపాగి పెట్టేస్తరు. మల్లా రెండు దినాలకు మోగుతది. ఆర్డర్లిచ్చేటోడైతె మాట్లాడాలె గదా? నిన్న ఫోను మోగి మోగి ఆగినంక చూస్తె, సరోజనక్క కొంగు నోట్లె కుక్కుకున్నది.

ఆ మిషన్ సంగతి నిజమేనా? నిజమైతె ఆ ఊపిరి ఎవలదో నువ్వు చూడరాదు?

నీ అక్క
అనసూర్య


కరీంనగర్
జూన్, 1985

అక్కకు,

పనులు మస్తుగున్నయి, అందుకే రెండు ముక్కల్ల రాస్తాన. మధ్యాహ్నం ఫోన్లు రాంగ్ నెంబర్లై ఉంటయి. వానాకాలం మొదలైతే తీగలు తడిసి ఒకరిది ఒకరికి తగుల్తయి. ఫికర్ చెయ్యకు.

మిషన్ సంగతి ఆఫీసు విషయం, ఉత్తరాల్ల రాయకూడదు. నీకు కావాల్సింది నిమ్మలం. దొరికింది గదా. ఇంక దాన్ని తవ్వకు.

అమ్మ నిన్ను అడిగింది.

భాస్కర్


కొత్తవాడ, వరంగల్
జులై, 1985

భాస్కర్‌కు,

ఈ ఉత్తరం కూసొని చదువు. అమ్మకు చదివి ఇనిపియ్యకు.

పోయిన మంగళవారం ఆ మధ్యాహ్నం ఫోను మల్ల మోగింది. సరోజనక్క వాకిట్ల నూలు కండెలు ఎండబెడ్తాంది. లేవలే. నేనెత్తిన. ఈసారి ఊపిరి కాదు, మొగోని గొంతు. ఏడుసుకుంట మాట్లాడుతాండు.

"సరోజనొదినెనా?"

"కాదు. ఎవలు మీరు?"

"నేను మరిపెడ నుంచి ఎల్లస్వామిని. చిలుకమ్మ పెనిమిటిని. ఒదినెకు చెప్పుండ్రి. చిలుకమ్మకు ఫిట్స్ వచ్చినయి. ఇక్కడి డాక్టరు చాతకాదన్నడు. జీపుల వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకొస్తాన. ఒదినెను జల్ది రమ్మనుండ్రి. దాని నోట్లె అక్క అక్క అనుడు తప్ప వేరే మాట లేదు."

చిలుకమ్మ ఎవలో నీకు తెల్వదు. నాకు సుత పేరే యాది. సరోజనక్క ఒక్కగానొక్క చెల్లె. మరిపెడల సైకిల్ షాపాయనను చేసుకున్నది. వాండ్లు వేరే కులపోండ్లు. తల్లిదండ్రి ఎప్పుడో పోయిండ్రు గనుక పెండ్లి చేసే బరువు పెద్దబావ మీదుండె. చెప్పకుంట చేసుకున్నదని ఆయన పంచాయితిల నలుగురి ముందట ఒట్టేసిండు. ఆమె పేరు ఈ ఇంట్ల ఎత్తితే నా పీనుగను చూసినట్టే అని. నాలుగేండ్లాయె. నిజంగనే ఎవలం ఎత్తలే.

నేను వాకిట్లకు ఉరికి చెప్పిన. సరోజనక్క చేతులకెళ్లి కండెలు పడిపోయినయి. అయినా ముందు నా మొకమే చూసింది. "ఈ ఫోను సుత టేపుల ఎక్కుతదా?" అని అడిగింది భాస్కర్! చెల్లె సావు బతుకులల్ల ఉంటె ఆమె అడిగిన మొదటి మాట అది.

రిక్షాల ఇద్దరం పోయినం. తొవ్వల అంతా చెప్పింది. మరిపెడ పోస్టాఫీసుకెళ్లి చిలుకమ్మ మధ్యాహ్నం ఫోన్ చేసేదట. పెద్దబావకు తెల్వకుంట, మనకు ఇనపడకుంట, గంట ఒక్కసారి మోగంగనే ఎత్తాల్నని ఈమె ఫోను పక్కనే కూసునేది. మనం మాట్లాడుతాంటె ఎత్తింది సుత, తీగ ఖాళీ అయిందా లేదా అని చూసుడే. మన మాటలు ఆమెకు అక్కర లేవు. మనం ఎప్పుడు పెట్టేస్తమా అని ఎదురు చూసేది.

చిలుకమ్మకు నెలలు నిండుతాన్నయట. కాళ్లు ఉబ్బుతానయి, తల నొస్తాంది, కండ్లు మసకైతానయి అని చెప్తె ఈమె "నేను నిన్ను వరంగల్‌ల డాక్టరమ్మకు చూపిస్త, దినం చెప్త, ఆగు" అన్నదట. ఆ దినం చెప్పకముందే నువ్వు ఐతారం ఫోన్ చేసినవు. నెలనెలా పెద్దబావకు కాగితం వస్తదని ఇన్నది. ఇగ ఫోను ముట్టలే. ఉత్తరం రాద్దామంటె ఆమెకు రాయరాదు. ఎవలితోనన్న రాయిద్దామంటె ఆ పేరు ఎవలికి చెప్పాలె? అక్కడ ఆ పిల్ల రెండు దినాలకోసారి పోస్టాఫీసుకు నడిచి వచ్చి, నా గొంతు ఇని, భయపడి పెట్టేసి పోయింది. ఆ ఊపిరి రాంగ్ నెంబరు కాదు భాస్కర్.

దవాఖానల ఆపరేషన్ చేసి బిడ్డను తీసిండ్రు. ఆడపిల్ల. పిడికెడంత ఉన్నది, అద్దాల పెట్టెల పెట్టిండ్రు. తల్లికి రెండు దినాలు తెలివి రాలే. వచ్చినంక కండ్లు కనపడలే. "అక్కా, దీపం పెట్టరా?" అన్నది పట్టపగలు. చూపు మెల్లగ వస్తదని డాక్టరమ్మ చెప్పింది. "ఇంకో పది దినాల ముందు తెస్తె ఇంత కాకపోవు" అని సుత అన్నది. సరోజనక్క నా దిక్కు చూడలే. చూస్తె బాగుండు అనుకున్న.

రెండో దినం పెద్దబావ దవాఖానకు వచ్చిండు. లోపటికి రాలే. గేటు కాడ నిలబడి నన్ను పిలిచిండు. "నా పెండ్లాన్ని నాకు చెప్పకుంట నువ్వు తోలుకొచ్చినవా?" అన్నడు. "చెప్తె రానిస్తుంటివా బావా?" అన్న. ఎన్నడు ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆయన ఎనుకకు మర్లి ఇంటికి పోయి, మా అర్రలకొచ్చే తీగను గోడ కాడ కత్తిరిచ్చిండు. ఫోను సుత పీకి వాకిట్ల పెట్టిండు. వేరుచెయ్యమని నిన్ను అడిగిన గదా, అయింది. ముందటి ఫోను ముందటికే, ఎనుక మాకు ఏం లేదు.

మీ బావ నాగపూర్ సేటు మనిషిని బజార్ల దొరకబట్టి అడిగిండు, మా రేటు మా అన్నకెట్ల తెలిసిందని. వాడు నవ్విండట. "ఇద్దర్ని అడుగుత, ఎవలది తక్కువైతే వాండ్లది తీసుకుంట. మీ రేటు మీ అన్నకు నేనే చెప్పిన" అన్నడట. ఇందుకోసమేనా మేం ఇంతదాక కొట్లాడింది?

ఇప్పుడన్న చెప్పు. ఆ మిషన్ నిజమేనా? ఆఫీసు విషయమని తప్పిచ్చుకోకు.

అనసూర్య


కరీంనగర్
జులై, 1985

అక్కా,

మిషన్ లేదు. టేపు లేదు. కాగితం లేదు. అంతా నేను కల్పించిన మాట.

నీ మొదటి ఉత్తరం రెండోసారి చదివినప్పుడే, ఎవరో తమ ఫోను కోసం ఎదురు చూస్తాండ్రని నాకు తట్టాల్సి ఉండె. రోజూ ఒకే యాళ్లకు మోగే ఫోను, ఒక్క మోతకే ఎత్తే మనిషి. మేం ఎక్స్ఛేంజిల ఇసొంటివి ఎన్ని చూస్తమో. కానీ నువ్వు చాతకాకుంటె కాదని చెప్పుమన్నవు. కాదని రాసుడు నాకు నామోషీ అనిపించింది. నువ్వు నిజమేనా అని అడిగినప్పుడు ఒప్పుకుంటే ఇంత దూరం రాకపోవు. అప్పుడు సుత నిన్ను గెలిపించినన్న గర్వంల ఉన్న.

రాత్రి అన్నం ముందట కూసున్న గానీ సహించలే. అమ్మ ఏందిరా అని అడిగితే చెప్పేసిన. "పొయ్యి ఆమె కాళ్లు మొక్కి రా" అన్నది. వస్తనంటే ఏ మొకంతోని రావాల్నో తెలుస్తలేదు. వద్దనకపోతే వస్త.

ఈ ఉత్తరం సరోజనక్కకు చదివి వినిపియ్. నా గురించి నువ్వేం మెత్తగ మార్చకు. ఆమె మాటలు ఏ టేపుల లేవని, ఎవరికీ ఏ కాగితం రాదని ఆమెకు తెల్వాలె. ఇంక ఒక్క దినం సుత ఆ భయంల ఉండొద్దు.

బావ పేరు మీద వేరే కనెక్షన్‌కు దరఖాస్తు ఇక్కడి నుంచే పంపుతాన. ఎప్పుడొస్తదో చెప్పలేను. ఇది మాత్రం అబద్ధం కాదు.

భాస్కర్


కొత్తవాడ, వరంగల్
అక్టోబర్, 1985

తమ్ముడు భాస్కర్‌కు,

ఇన్ని దినాలు రాయలేదంటె రాయబుద్ధి కాలే. నీ మీద కోపం ఒకటైతె, నా మీద నాకు ఇంకోటి.

నీ ఉత్తరం అప్పుడే చదివి ఇనిపిచ్చిన. సరోజనక్క దవాఖాన వరండాల కూసొని ఉండె. అంతా ఇన్నది. "అంటే నేను ఉత్తగనే భయపడ్డనా?" అన్నది. తిడితె బాగుండు. లేచి పిల్ల కాడికి పోయింది. అప్పటిసంది మొన్నటిదాక నాతోని ఒక్క మాట లేదు. నువ్వొచ్చి వాకిట్ల నిలబడ్డప్పుడు సుత నీకు మంచినీళ్లు ఇచ్చింది గానీ మొకం చూడలే గదా. నువ్వు ఏడ్చుకుంట బస్సెక్కినవని మీ బావ చెప్పిండు.

చిలుకమ్మకు చూపు వచ్చింది. దూరంవి ఇంకా మసకేనట. పిల్ల బతికింది, పాలు తాగుతాంది. పెద్దబావ ఒట్టు అట్లనే ఉన్నది. కాకుంటె సరోజనక్క ఇప్పుడు ముందటి అర్రల, ఆయన ఉండంగనే, మరిపెడకు ఫోన్ చేసి గట్టిగ మాట్లాడుతది. ఆయన లేచి బయటికి పోతడు. వద్దనడు. ఇంట్ల ఇదివరదాక చాటు మాటలతోని పరేశాన్, ఇప్పుడు బహిరంగంగనే పరేశాన్.

మాకు ఫోన్ లేదు. దరఖాస్తు ఇచ్చినట్టు చీటి వచ్చింది, అంతే. మీ బావకు ఎవలన్న చేస్తె ముందటికి పోవాలె. సరోజనక్క వాకిట్ల నిలబడి "ఫోనూ" అంటది. పేరు పెట్టి పిలువది. నేను పోయి నిలబడి మాట్లాడుతాంటె అక్కడ ఎవలో ఒకలు కూసొనే ఉంటరు. ఎనుకటి టక్కు చప్పుడే నయమనిపిస్తది. అందుకే నిన్ను ఫోన్ చేయకని కబురు పంపిన.

మొన్న ఐతారం నువ్వు ఆగలేక చేసినవు. సరోజనక్క మా గుమ్మం దాక వచ్చింది. "అనసూర్యా, కరీంనగర్ నుంచి మీ తమ్ముడు" అన్నది. పేరు పెట్టి పిలిచింది. నేను ఆమె ఎనుకనే పోయిన. లోపట వాండ్ల పిల్లలు కూసొని రేడియో ఇంటాండ్రు. "నడువుండ్రి బయటికి" అని అందర్ని ఎల్లగొట్టి, తాను సుత ఎల్లి, తలుపు దగ్గరికి ఏసి, కడప మీద కూసున్నది.

నేను ఫోను పట్టుకున్న. నువ్వు "అక్కా, మాట్లాడవేంది, ఉన్నవా?" అన్నవు. ఉన్న. ఎవ్వలు లేరు. ఏం మాట్లాడాల్నో తెల్వలే. "తిన్నవా?" అన్న. నువ్వు తిన్ననన్నవు. అమ్మ తిన్నదా అన్న. గంతే. నువ్వు నాకింకా కోపమే ఉన్నదనుకొని, "సరే అక్కా, ఉంట" అని పెట్టేసినవు. కోపం కాదు భాస్కర్. అది చెప్పుదామనే ఈ ఉత్తరం.

అయితె ఇంకో సంగతున్నది. నువ్వు పెట్టేసినంక నేను తలుపు తీద్దామని పోయిన. బయట పెద్దబావ గొంతు ఇనపడ్డది.

"లోపట ఎవలు?"

"అనసూర్య. తమ్మునితోని మాట్లాడుతాంది."

"నాకు సంఘానికి ఫోన్ చేసేదున్నది."

"చేద్దువు తియ్యి. అది మాట్లాడుకోనియ్యి. ఇట్ల కూసో."

చెప్పులు విడిచిన చప్పుడైంది. కూసున్నడు. నేను గడియ మీద చెయ్యి పెట్టిన. అప్పుడు పెద్దబావ మెల్లగ అడిగిండు, "ఆ పిల్లకు పేరు పెట్టిండ్రా?" అని.

సరోజనక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఇనపడ్డది.

నేను తలుపు తీస్తె ఆ మాట అక్కడనే ఆగిపోతది. మల్ల ఇంకో నాలుగేండ్లు రాదేమో. తియ్యకుంట నిలబడితె వాండ్ల మాటలు నేను ఇన్నట్టైతది. ఏం చెయ్యాల్నో తోచక ఎనుకకు పోయి ఫోను ఎత్తి చెవికి పెట్టుకున్న. అండ్ల గుయ్యిమంటాంది, అంతే. "ఆఁ తమ్మీ, చెప్పు" అని గట్టిగ అన్న. బయటికి ఇనపడేటట్టు. ఎవలు లేని ఫోన్ల నీతోని మాట్లాడిన. ఈ ఏడు వానలు ఎక్కువయినయని చెప్పిన. నూలు దొరుకుతలేదని చెప్పిన. నువ్వు చేసింది తప్పే గానీ నువ్వొక్కనివే చెయ్యలే అని చెప్పిన. అమ్మను ఒకసారి తోలుకరమ్మని చెప్పిన. నడుమ నడుమల "అవునా? అవునా?" అని నవ్విన.

బయట వాండ్ల మాటలు నడుస్తనే ఉన్నయి. ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వదు. వాండ్లు ఆపేదాక నేను మాట్లాడుకుంటనే ఉన్న.

నీ అక్క
అనసూర్య